డిగ్రీ అంచుదాకా వచ్చి ఆగింది, ఉద్యోగం ఊపిరి తీసుకోనివ్వడం లేదు: ఏం చేయాలి?

ఈ వారం ఉత్తరం పొడుగ్గా ఉంది. అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో టైప్ చేసినట్టుంది, రెండుచోట్ల వాక్యం మధ్యలోనే తెగిపోయింది, బహుశా నిద్ర ముంచుకొచ్చి ఉంటుంది. పేరు వేయొద్దన్నారు, వేయను. విషయం క్లుప్తంగా ఇది.

అమ్మాయికి 27 ఏళ్ళు. ఒక సరుకు రవాణా కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. నాలుగేళ్ళ డిగ్రీలో మూడున్నరేళ్ళు గడిచాక వాళ్ళ నాన్న చనిపోయారు. ఇంట్లో అమ్మ, అప్పటికింకా చదువుకుంటున్న తమ్ముడు. దొరికిన ఉద్యోగంలో చేరిపోయింది, ఒక ఆరు నెలలు చేసి వెనక్కెళ్ళి మిగిలింది రాసేద్దాం అనుకుంది. ఆ ఆరు నెలలు కాస్తా ఐదున్నరేళ్ళయ్యాయి. ఇంకా ఐదు పేపర్లు, ఒక ప్రాజెక్టు మిగిలున్నాయి. మధ్యలో రెండుసార్లు ఫీజు కట్టింది. మొదటిసారి పరీక్షలూ గోడౌన్‌లో స్టాక్ ఆడిటూ ఒకే వారంలో వచ్చి పడ్డాయి, వెళ్ళలేకపోయింది. రెండోసారి ఒక్క పేపర్ రాసింది, ఆరు మార్కుల్లో పోయింది. పోయినేడాది ప్రమోషన్ వచ్చాక వారానికి 55 నుంచి 60 గంటల పని. ఇంటికొచ్చాక కూడా లారీ ఎక్కడ ఆగిందో, లోడింగ్ ఎందుకు లేటయిందో చెప్పమని ఫోన్లు.

మేనేజర్ ఒక మీటింగ్‌లో "డిగ్రీలతో లారీలు కదలవు, మనుషులతో కదులుతాయి" అన్నాడట. ఆ మాట విని ఈమెకు లోపల హాయిగా అనిపించింది, వెంటనే సిగ్గుగానూ అనిపించింది. అమ్మేమో "అంత చదివి, అంచుదాకా వచ్చి వదిలేస్తావా" అని వారానికోసారి గుర్తుచేస్తుంది. తమ్ముడి చదువు అక్క జీతంతోనే నడిచింది. పోయిన నెలలో వాడికి పట్టా వచ్చింది, ఫొటో తీసేటప్పుడు తన టోపీ తీసి అక్క తల మీద పెట్టాడట. "అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు" అని రాసింది.

చివర్లో, ఏదో మర్చిపోయి కలిపినట్టు, ఇంకో రెండు సంగతులు రాసింది. నాకైతే అసలు ఉత్తరం అవే అనిపించాయి. ఒకటి, ఉద్యోగంలో చేరేటప్పుడు రెజ్యూమెలో కోర్సు పేరు, చదివిన సంవత్సరాలు రాసింది కానీ పూర్తి కాలేదని రాయలేదు. ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు. ఆఫీసులో అందరూ డిగ్రీ ఉందనే అనుకుంటున్నారు. రెండోది, ప్రాజెక్టు గైడ్ పంపిన ఒక మెయిల్ పద్నాలుగు నెలలుగా తెరవకుండానే ఇన్‌బాక్స్‌లో ఉంది. "ఎనిమిది నెలల్లో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుందని పాత క్లాస్‌మేట్ చెప్పింది. ఉద్యోగం మానేసి పూర్తిచేయాలా, చదువు సంగతి ఇక మర్చిపోవాలా? అక్కా, సూటిగా చెప్పండి" అని ముగించింది.

అక్కా అన్నావు కాబట్టి మీరు గీరు పక్కనపెట్టి నువ్వనే మాట్లాడతా. సూటిగానే చెప్తా, కానీ మానెయ్ అనో రాసెయ్ అనో ఒక్క ముక్కలో మాత్రం చెప్పను, ఎందుకంటే నీ ఉత్తరంలో ఉన్నది ఒక ప్రశ్న కాదు. డిగ్రీ నాకు నిజంగా పనికొస్తుందా అనేది ఒకటి, నాకంత టైమూ ఓపికా ఉన్నాయా అనేది ఇంకొకటి, ఈ దాచిపెట్టిన సంగతిని ఎన్నాళ్ళు మోయాలి అనేది మూడోది. మూడూ చిక్కుపడిపోయి, ఏ కొస లాగినా మిగతా రెండూ బిగుసుకుంటున్నాయి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో "అనుకున్నాను", "చెప్పింది", "అన్నాడు" చాలాసార్లు ఉన్నాయి. "అడిగాను" అన్న మాట ఒక్కసారి కూడా లేదు. గడువు గురించి క్లాస్‌మేట్ చెప్పింది, యూనివర్సిటీని నువ్వు అడగలేదు. గైడ్ ఏమన్నాడో చూడలేదు. సెలవు దొరుకుతుందో లేదో మేనేజర్‌ని అడగలేదు. తమ్ముడిని అయితే, అడగొచ్చన్న ఆలోచన కూడా నీకు వచ్చినట్టు లేదు. ఐదున్నరేళ్ళుగా అందరి బరువూ మోసి మోసి, ఏదైనా ఒంటరిగా, అర్ధరాత్రి, తెలిసిన అరకొర సమాచారంతోనే తేల్చుకోవాలి అనుకుంటున్నావు. కాబట్టి ముందు ఆ ముడులు విప్పుదాం.

రెజ్యూమెతో మొదలుపెడతా, ఎందుకంటే అది ఉన్నంతకాలం మిగతా రెండు ప్రశ్నల గురించి నువ్వు ప్రశాంతంగా ఆలోచించలేవు. నువ్వు అబద్ధం రాయలేదు, నిజమే. చదివేవాళ్ళు ఇంకోలా అర్థం చేసుకునేట్టు రాశావు, అదీ నిజమే. 21 ఏళ్ళ వయసులో, నాన్న పోయిన కొత్తలో రాసిన కాగితం అది, దాని కోసం నిన్ను బోనులో నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇప్పుడు నీ దగ్గరున్న రెజ్యూమె ఇవాళే సరిచెయ్యి. కోర్సు పేరు, సంవత్సరాలు, పక్కనే "ఐదు పేపర్లు, ప్రాజెక్టు పూర్తి కావాల్సి ఉంది" అని. సర్టిఫికెట్లను నేరుగా యూనివర్సిటీతో సరిచూసుకునే కంపెనీలు చాలానే ఉన్నాయి. డిగ్రీ లేదని ఉద్యోగం రాకపోతే ఆ ఒక్క ఉద్యోగమే పోతుంది. ఉందని నమ్మించింది అన్న మాట పడితే ఐదున్నరేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరుకే ఎసరు.

ఇప్పటి ఆఫీసులో ఏం చేయాలన్నది కొంచెం వేరు. చేరినప్పుడు నువ్వు సంతకం పెట్టిన దరఖాస్తు కాపీ వెతుకు. అందులో డిగ్రీ పూర్తయింది అనే గడిలో టిక్ లేకపోతే, అందర్నీ పిలిచి ప్రకటించాల్సిన పనేమీ లేదు, సందర్భం వచ్చినప్పుడు "ఇంకా ఐదు పేపర్లున్నాయి, పూర్తిచేస్తున్నా" అని మామూలుగా అనేస్తే సరిపోతుంది. టిక్ ఉంటే మాత్రం అది నీ అంతట నువ్వే హెచ్ఆర్‌తో మాట్లాడాల్సిన సంగతి. తేలిగ్గా పోతుందని నేను హామీ ఇవ్వలేను, కొన్నిచోట్ల దీన్ని గట్టిగానే పట్టుకుంటారు. అలాంటప్పుడు ఉద్యోగ చట్టాలు తెలిసినవాళ్ళతో ఒక్కసారి మాట్లాడి ఆ తర్వాతే నోరు తెరువు. కానీ నువ్వు చెప్తే తెలియడానికీ, వాళ్ళు తవ్వితే బయటపడటానికీ చాలా తేడా ఉంటుంది.

సరే, ఇక డిగ్రీ పనికొస్తుందా. మీ మేనేజర్ మాట ఆ గోడౌన్‌లో నిజం, ఆయన దగ్గర నువ్వున్నంతకాలం నిజం. నువ్వు గేటు దాటి ఇంకోచోటికి వెళ్ళిన రోజు ఆయన పక్కన ఉండి నీ పనితనం గురించి చెప్పడు కదా. కాబట్టి ఊహించడం మానేసి రెండు చోట్ల చూడు. మీ కంపెనీలోనే నీ పై పోస్టులోకి ఈమధ్య వెళ్ళిన ముగ్గురు నలుగురికి ఏ చదువుంది, డిగ్రీ లేనివాళ్ళు ఎవరైనా వెళ్ళారా. ఆ తర్వాత, ఐదేళ్ళ తర్వాత నువ్వు ఉండాలనుకునే ఉద్యోగం ప్రకటనలు ఓ పది తీసి, డిగ్రీ "తప్పనిసరి" అన్నవి ఎన్ని, "ఉంటే మంచిది" అన్నవి ఎన్ని లెక్కపెట్టు. పదిలో ఎనిమిది తప్పనిసరి అంటే ఒక దారి, పదిలో రెండే అంటే ఇంకో దారి. గంటన్నర పని ఇది, ఐదేళ్ళ ఊగిసలాటకు బదులు.

అర్థశాస్త్రంలో షీప్‌స్కిన్ ఎఫెక్ట్ అని ఒక మాట ఉంది, పాతరోజుల్లో పట్టాలను గొర్రె తోలు మీద రాసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఎన్నేళ్ళు చదివామన్నదానికి ఉన్న విలువ వేరు, చివరి కాగితం చేతికి రావడంతో వచ్చిపడే విలువ వేరు అని దాని అర్థం. మూడున్నరేళ్ళ చదువుకి నాలుగేళ్ళ చదువులో ఎనిమిదింట ఏడు వంతుల గుర్తింపు ఉండాలి కదా న్యాయంగా, ఉద్యోగం ఇచ్చేవాళ్ళ దగ్గర అలా ఉండదు. అన్యాయమే, కానీ నువ్వు లెక్క వేసుకునేటప్పుడు ఈ అన్యాయాన్ని కూడా కలుపుకోవాలి. (ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు బిల్ గేట్స్ పేరు తీస్తారు. ఆయన 1975లో చదువు పక్కనపెట్టింది మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టి. ఫీజు కట్టి, ఆడిట్ వచ్చి, పరీక్షకు వెళ్ళలేక కాదు.)

అమ్మ మాట ఇంకో రకం. "అంత చదివి వదిలేస్తావా" అనేదాన్ని సంక్ కాస్ట్ అంటారు, పెట్టేశాం కాబట్టి ఇంకా పెట్టాలి అనుకోవడం. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్లతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి పూర్తి ధరకు అమ్మారు, కొందరికి తగ్గింపు ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో, పూర్తి ధర పెట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. నాటకం అందరికీ ఒకటే, డబ్బు ఎక్కువ పోసినవాళ్ళకు వదలబుద్ధి కాలేదు అంతే. కాబట్టి గడిచిపోయిన మూడున్నరేళ్ళు, కట్టిన రెండు ఫీజులు, ఇవి నిర్ణయంలోకి రాకూడదు అని పుస్తకాలు చెప్తాయి. కానీ ఇక్కడ నేను అమ్మ వైపు కొంచెం మొగ్గుతా. నువ్వు పాసైన పేపర్లు ఇప్పటికీ చెల్లుతుంటే అవి పోయిన డబ్బులాంటివి కావు, ముందున్న దూరాన్ని తగ్గించిన అడుగులు. చెల్లకపోతే మాత్రం అమ్మ మాటలో బాధ ఉంది కానీ లెక్క లేదు. చెల్లుతాయో లేదో ఎవరికి తెలుసు? యూనివర్సిటీకి. అడిగావా? అదే నా గోల.

ఇప్పుడు గంటలు. యూరప్ యూనివర్సిటీల్లో వాడే క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, క్లాసు, చదువు, అసైన్‌మెంట్, పరీక్ష అన్నీ కలిపి. మీ దగ్గర లెక్క వేరేగా ఉండొచ్చు, కొలత కోసం దీన్ని తీసుకుందాం. ఐదు క్రెడిట్ల పేపర్ ఒకటి అంటే 125 నుంచి 150 గంటలు. 15 వారాల టర్మ్ మీద పరిస్తే వారానికి ఎనిమిదింటికి కాస్త పైన నుంచి పది గంటలు. రెండు పేపర్లు పెట్టుకుంటే ఇంచుమించు ఇరవై, అంటే నీ 58 గంటల ఉద్యోగం పక్కన ఇంకో పార్ట్‌టైమ్ ఉద్యోగం.

వారంలో ఉన్నవే 168 గంటలు. నిద్రకి రోజుకు ఏడు చొప్పున 49, ఉద్యోగానికి 58, రాకపోకలకు పది అనుకుంటే 117 అయిపోయాయి, 51 మిగిలాయి. ఆ 51 చూసి మురిసిపోకు. అందులోనే స్నానం, తిండి, బట్టలు, అమ్మతో డాక్టర్ దగ్గరికి వెళ్ళడం, లారీల ఫోన్లు, ఏమీ చేయకుండా గోడ వైపు చూస్తూ కూర్చునే అరగంట, అన్నీ ఉన్నాయి. పుస్తకం ముందు మెలకువగా ఉండగల గంటలు ఎన్ని అన్నదే ప్రశ్న. అందుకే వచ్చేవారం ప్లాన్ వేయకు, పోయిన రెండు వారాలు ఎలా గడిచాయో రాయి. వచ్చేవారం కాగితం మీద అందరం మహా క్రమశిక్షణ గల మనుషులం. పోయిన రెండు వారాల్లో వారానికి తొమ్మిది పది గంటలు పీల్చి తీయగలిగేట్టుంటే ఒక టర్మ్‌కి ఒక పేపర్ నడుస్తుంది. నాలుగే వస్తే, ఉద్యోగం వైపు ఏదో ఒకటి కదిలిస్తే తప్ప నడవదు, ఎంత పట్టుదల ఉన్నా నడవదు. అది నీ బద్ధకం కాదు, కూడికలు తీసివేతలు.

ప్రాజెక్టుకి "మూడు నెలలు చాలు" అని రాశావు. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున దాదాపు 34 రోజులు అన్నారు. పట్టింది 55 రోజుల పైనే. అన్నీ తేడా కొడితే ఎంత పడుతుందని కూడా అడిగారు, ఆ చేదు అంచనా కూడా అసలుకు సరిపోలేదు. వాళ్ళకి రాత్రిపూట లారీల ఫోన్లు వచ్చి ఉండవు కూడా. నీ మూడు నెలలను ఐదుగా రాసుకో.

ఈ లెక్కతో చూస్తే ఎనిమిది నెలల్లో ఉద్యోగం చేస్తూ ఐదు పేపర్లూ ప్రాజెక్టూ అయ్యే పని కాదు, అది తేలిపోయింది. అయితే నీ ముందున్నవి రెండే దారులు కావు.

గడువు పొడిగింపు దొరికితే టర్మ్‌కి ఒక పేపర్ చొప్పున వెళ్ళొచ్చు. మొదట ఆరు మార్కుల్లో పోయిన పేపరే పట్టుకో, అది నీకు అన్నిటికంటే దగ్గర్లో ఉంది, నువ్వేమో దాన్నే ఓటమి కింద రాసుకున్నావు. ఈ దారిలో ఏడాదికి రెండు టర్మ్‌లైతే పేపర్లకే రెండున్నరేళ్ళు, ప్రాజెక్టుతో మూడు. జీతం ఆగదు, ఇల్లు కదలదు. కానీ మూడేళ్ళు సెలవురోజులు సెలవుల్లా ఉండవు, మధ్యలో ఇంకో ప్రమోషన్ వస్తే వద్దనాల్సి రావచ్చు, పరీక్ష తేదీలు రాగానే మేనేజర్‌కి రాతలో చెప్పి ఆడిట్ వారానికి ఇంకొకర్ని సిద్ధం చేసుకోవాలి. పోయినసారి అలా చెప్పావా, చివరి వారం దాకా చూసి ఊరుకున్నావా? ఉత్తరంలో లేదు, నాకు మాత్రం రెండోదే అనిపిస్తోంది.

ఒక టర్మ్ పాటు జీతం లేని సెలవో, తక్కువ గంటలో, లేదా కొన్నాళ్ళు ఇన్‌చార్జి బాధ్యత లేని షిఫ్టో అడగడం ఇంకో దారి. ప్రాజెక్టులాంటి పనికి ఇది బాగా కలిసొస్తుంది, ఎందుకంటే దాన్ని అరగంట ముక్కలుగా చేయలేం, ప్రతిసారీ ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే ఇరవై నిమిషాలు పోతాయి. నష్టం కూడా ఉంది, నువ్వు తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు కుదురుకుని ఉండొచ్చు. సెలవు ఇస్తామంటే తిరిగొచ్చాక ఏ పోస్టు, ఏ జీతం అన్నది మాటల్లో కాకుండా మెయిల్‌లో రాయించుకో.

పూర్తిగా మానేయడం గురించి అడిగావు. చదివే నెలల ఖర్చు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే కొన్ని నెలల ఖర్చు, రెండూ చేతిలో ఉంటేనే దాని గురించి ఆలోచించు. లేకపోతే పరీక్ష హాల్లో కూర్చుని అద్దె గురించి ఆలోచిస్తావు. ఐదున్నరేళ్ళ అనుభవం మానేస్తే ఆవిరైపోదు, ఆ భయం అక్కర్లేదు, కానీ నీ ఉత్తరంలో పొదుపు మాటే లేదు కాబట్టి నేనైతే దీన్ని చివర్లో పెడతా.

పాసైన పేపర్లను దూరవిద్య ఇచ్చే ఇంకో యూనివర్సిటీకి మార్చుకోవడం కూడా ఉంటుంది. పరీక్ష తేదీలు కొంచెం వెసులుబాటుగా ఉండొచ్చు, కొన్నిచోట్ల ప్రాజెక్టు లేకుండానే పూర్తవుతుంది. కానీ చాలా చోట్ల పాత క్రెడిట్లన్నీ తీసుకోరు, ఇంతమేరకు మా దగ్గరే చదవాలి అంటారు, ఐదు పేపర్లు కాస్తా పది కావచ్చు. ఏవేవి తీసుకుంటారో రాతలో వచ్చాకే ఫీజు కట్టు. కొన్ని యూనివర్సిటీలు చదివినంతవరకు డిప్లొమానో సర్టిఫికెట్టో ఇచ్చి పంపిస్తాయి, అది ఉందేమో అడగడానికి పోయేదేం లేదు.

ఇక ఆపేయడం. ఇదీ గౌరవంగా తీసుకోగల నిర్ణయమే, నేను దీన్ని చిన్నచూపు చూడను. ఆ పది ప్రకటనల్లో డిగ్రీ అడిగినవి రెండే అయితే, నీ గంటల లెక్కలో నాలుగే వస్తే, ఆపేయడం తెలివైన పని కావచ్చు. కానీ ఆపితే ఆపినట్టు ఆపు. రాతలో విరమించుకుని, ఇప్పటిదాకా వచ్చిన మార్కుల జాబితా తెచ్చుకుని, పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేసి. అప్పుడు ఆ టైమ్‌లో నీ పనికి పనికొచ్చే చిన్న కోర్సేదైనా చేయొచ్చు, లేదా నిద్రపోవచ్చు, నిద్ర కూడా పనే. కొన్ని తలుపులు మూసుకుంటాయి, అమ్మ కొన్నాళ్ళు బాధపడుతుంది, ఎవరైనా టోపీ పెట్టుకున్న ఫొటో కనిపిస్తే కొన్నాళ్ళు గుచ్చుకుంటుంది. ఇప్పుడు నువ్వు చేస్తున్నది మాత్రం ఆపడమూ కాదు, చదవడమూ కాదు, రెండిటికీ ఒకేసారి ఖర్చు పెట్టడం. ఇది మట్టుకు నాకు నచ్చలేదు.

వయసు గురించి ఒక లైను రాశావు కాబట్టి నేనూ ఒక లైనులో చెప్తా. 1970లలో వదిలేసిన ఖగోళశాస్త్ర పీహెచ్‌డీని 2007లో పూర్తిచేశాడు బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే. ఆయనకి షిఫ్ట్ డ్యూటీ లేదు, ఆ సంగతి వేరే.

నా సంగతి కొంచెం చెప్పుకుంటా. నేనూ ఉద్యోగం చేస్తూ, మధ్యలో ఆగిపోయిన పీజీ పూర్తిచేశా, రెండేళ్ళది నాలుగేళ్ళు పట్టింది. అందులో ఒక పేపర్ మూడు టర్మ్‌లు నా మెడకి చుట్టుకుంది. ఒకరోజు ఆ పుస్తకం బల్ల మీద పడుకోబెట్టి ఉంటే పక్కనుంచి చూశాను. మొదటి నలభై పేజీల అంచు నల్లగా, వేళ్ళ మురికి పట్టి ఉంది. మిగతా మూడొందల పేజీల అంచు తెల్లగా, కొన్నరోజులా ఉంది. అప్పుడర్థమైంది, నేను ప్రతిసారీ "ఈసారి గట్టిగా" అనుకుని ఒకటో చాప్టర్ నుంచే మొదలుపెడుతున్నా, రెండు వారాలకి ఆఫీసులో ఏదో వచ్చి పడుతుంది, ఆగిపోతున్నా, మళ్ళీ ఒకటో చాప్టర్. రాని పేజీల దగ్గరికి ఎప్పుడూ వెళ్ళనే లేదు. తర్వాత నాలుగో చాప్టర్ నుంచి మొదలుపెట్టా, అర్థం కానిచోట మాత్రమే వెనక్కి వెళ్ళేదాన్ని. నీ పుస్తకం కూడా ఒకసారి అలా పక్కనుంచి చూడు.

ఇంకొకటి, నువ్వు రాత్రి పదకొండుకి పుస్తకం తెరిచి అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదువుతున్నా అన్నావు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ చదివింది, ఇంకో గుంపు చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మేలు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్ళు ముందున్నారు. నీకు గంటలు తక్కువ కాబట్టి ఇది నీకే ఎక్కువ అవసరం. రాత్రి పదకొండుని వదిలెయ్, డ్యూటీకి ముందు ముప్పై నిమిషాలు, పుస్తకం మూసి, నిన్న చదివింది కాగితం మీద రాయి.

తమ్ముడి దగ్గరికి వద్దాం. ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం అసూయ అని నువ్వు అనుకుంటున్నావు, ఆ మాట రాసి కొట్టేసినట్టు అనిపించింది. నాకలా అనిపించలేదు. వాడు నీ తలమీద టోపీ పెట్టాడంటే వాడికి లెక్క తెలుసు. ఐదున్నరేళ్ళు నువ్వు ఇంటిని మోశావు, వాడికి ఇప్పుడు పట్టా ఉంది, ఇవాళో రేపో ఉద్యోగం వస్తుంది. ఒక టర్మ్ ఇంటి ఖర్చులో సగం వాడు పెట్టుకోగలడా, అమ్మ డాక్టర్ పని వాడు చూసుకోగలడా, నీ ప్రాజెక్టులో లెక్కల పట్టికలు వాడు వేసిపెట్టగలడా, అడుగు. కాదనొచ్చు కూడా, వాడి ఇబ్బందులు వాడికుంటాయి. కాదన్నా నీకు ఒక దారి మూసుకుందని ఖాయంగా తెలుస్తుంది, అదీ మంచిదే. అడగకుండానే వాడి తరఫున నువ్వే కాదనేస్తున్నావు ఇప్పుడు.

అడగాల్సినవాళ్ళలో మొదట యూనివర్సిటీ. పరీక్షల విభాగానికో రిజిస్ట్రార్ ఆఫీసుకో మెయిల్ పెట్టి నాలుగు విషయాలు అడుగు, గడువు కచ్చితంగా ఏ తేదీ, పొడిగింపుకి వీలుందా, ఉంటే ఫీజెంత, పాసైన పేపర్లు ఎప్పటిదాకా చెల్లుతాయి, సిలబస్ మారి ఉంటే నేను రాయాల్సింది పాతదా కొత్తదా. నాన్న చనిపోవడం వల్ల ఆగిందని కూడా రాయి, చాలా చోట్ల ఇలాంటి కారణాలకు విడిగా పరిశీలన ఉంటుంది, సిగ్గుపడాల్సిన విషయం కాదు. జవాబు ఫోన్‌లో చెప్తే "దయచేసి మెయిల్‌లో పంపండి" అను.

రెండోది ఆ పద్నాలుగు నెలల మెయిల్. అందులో ఏముంటుందని భయపడుతున్నావో నేను ఊహించగలను, కోపమో, ఇక నీకు గైడ్‌ని కాను అనో. ఉండొచ్చు. "ఎలా ఉన్నావు, ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చింది" అన్న ఒక్క లైను కూడా ఉండొచ్చు. గైడ్‌గా ఉండటం కుదరదంటే ఇంకొకర్ని అడగడానికి టైము కావాలి, కాబట్టి అది తెలియాల్సింది ఇప్పుడే. తెరవడానికి చేయి రాకపోతే తమ్ముడికి ఫోన్ ఇచ్చి పైకి చదివి వినిపించమను. జవాబు ఏం రాయాలో తెలియక ఆగకూడదని నేనే రాసి పెడుతున్నా, నీ మాటల్లోకి మార్చుకో.

"నమస్కారం సార్. మీ మెయిల్‌కి ఇంత ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించండి. ఉద్యోగం వల్ల ప్రాజెక్టు ఆగిపోయింది, నాకింకా ఐదు పేపర్లు కూడా ఉన్నాయి. పూర్తిచేయాలా, ఆపేయాలా అన్నది ఈ నెలలో తేల్చుకోవాలనుకుంటున్నాను. ఇప్పటిదాకా చేసినదాంట్లో ఎంత పనికొస్తుందో మీరు ఒక్క పది నిమిషాలు చూసి చెప్పగలరా? మీకు వీలైన రోజు చెప్తే నా షిఫ్ట్ మార్చుకుంటాను."